బాతుల వేట పడవకి కొత్త మోటారు: హార్స్‌పవర్ సంగతి తర్వాత, ముందు వెనక బరువు చూసుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 1448 అల్యూమినియం జాన్ బోటు (అడుగు బల్లపరుపుగా ఉండే పడవ, 14 అడుగుల పొడవు, అడుగున 48 అంగుళాల వెడల్పు), దాని మీదున్న పాత 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు చచ్చిపోయింది, బాతుల సీజన్ మొదలయ్యేలోపు కొత్తది కావాలి. మనుషులు ఇద్దరు, ఒక ల్యాబ్రడార్, నాలుగు డజన్ల ఉత్తుత్తి బాతులు, అంటే డికాయ్‌లు. బడ్జెట్ నాలుగు వేల డాలర్లు. పడవకి బిగించిన సామర్థ్యం ప్లేటు మీద 25 హెచ్‌పీ దాకా అని ఉంది కాబట్టి 25 పెట్టేద్దామా, లేక 15తో సరిపెట్టుకోవచ్చా, ఏ కంపెనీ మంచిది అని అడిగావు. సూటిగా చెప్పాలంటే 20 హెచ్‌పీ, చేత్తో తిప్పే టిల్లర్ మోడల్, కార్బురేటర్ కాకుండా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది. కంపెనీ అంటావా, నీ ఇంటికి గంట దూరంలో ఎవరు సర్వీస్ చేస్తే అది. ఇక్కడికి చదవడం ఆపేసి వెళ్లి కొనేసుకున్నా పెద్ద తప్పేం జరగదు. కాకపోతే 25 ఎందుకు వద్దంటున్నానో తెలియకుండా వెళ్తే షోరూంలో సేల్స్‌మన్ పది నిమిషాల్లో నీ మనసు మార్చేస్తాడు, అందుకని కాస్త ఓపిగ్గా చదువు.

నా గురించి ఒక ముక్క. మాది కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా ఇళ్లల్లో వేట అంటే చేపల వేటే, వేటకెళ్లాడు అంటే సముద్రం మీదికి వెళ్లాడని అర్థం. తుపాకీతో పిట్టల్ని కొట్టడం మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో తగ్గి 1991 సవరణతో పూర్తిగా ఆగిపోయింది, కాబట్టి ఆ వేట నేను నేర్చుకున్నది ఇక్కడ మిన్నెసోటాకి వచ్చాకే. పదిహేడు సీజన్లు అయ్యాయి, నాలుగు మోటార్లు మార్చాను, అందులో రెండు తప్పు కొన్నాను. ఆ రెండు తప్పుల గురించే నీకు ఎక్కువ పనికొస్తుంది.

మొదటి తప్పు సరిగ్గా నువ్వు చేయబోయేదే. నాది కూడా 14 అడుగుల పడవే, ప్లేటు మీద 25 అనే ఉంది. ప్లేటు ఒప్పుకుంటోంది కదా అని 25 ఫోర్ స్ట్రోక్ పెట్టించాను, మూడు సిలిండర్లది, 70 కిలోలు. సెప్టెంబరులో ఖాళీ పడవతో, నేనొక్కణ్ణే వెళ్తే అబ్బో, గాల్లో తేలిపోయింది. నవంబరులో వీవర్ బాటమ్స్‌లో అసలు సంగతి బయటపడింది. మిసిసిపీ పక్కన ఆ బ్యాక్‌వాటర్ నీకు తెలిసే ఉంటుంది, రోచెస్టర్ నుంచి గంట కూడా పట్టదు. ఇద్దరం, కుక్క, డికాయ్‌ల సంచులు, అన్నీ వేసుకుని బాగా వేగంగా పోతూ పోతూ ముందు ఏదో దుంగలా కనబడేసరికి థ్రాటిల్ ఒక్కసారిగా వదిలేశాను. పడవ టక్కున కూర్చుండిపోయింది, కానీ మన వెనకే వస్తున్న మన అల ఆగదు కదా, అది నేరుగా మోటారు మీంచి లోపలికి ఎక్కేసింది. చీలమండలు మునిగేంత నీళ్లు. నీళ్లు మంచులా ఉన్నాయి, మేం వేడర్లు (ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు) వేసుకుని ఉన్నాం. ఇంకో అల వచ్చి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదేమో. నా మిత్రుడు డికాయ్‌ల బకెట్ బోర్లించి దాంతో నీళ్లు తోడాడు, నేను మెల్లగా ఒడ్డుకి పోనిచ్చాను.

తప్పు మోటారుది కాదు, బరువు ఎక్కడుందన్నదానిది. మా ఊళ్లో పడవ వెనక భాగాన్ని అమరం అంటారు, అమరం బరువెక్కితే పడవ నాయకుడు తండేలు తిడతాడు, వల తీసి ముందుకు వెయ్యమంటాడు. చిన్నప్పుడు అంత విన్నవాణ్ణి, ఇక్కడికొచ్చి ఏం చేశాను? 70 కిలోల మోటారు, దాని పక్కన టిల్లర్ పట్టుకుని 85 కిలోల నేను, నా కాళ్ల దగ్గర పెట్రోల్ ట్యాంకు, బ్యాటరీ, నన్ను వదిలి ఉండలేని కుక్క. అంతా వెనకే. జాన్ బోటు వెనక చెక్క, అంటే ట్రాన్సమ్, మామూలుగా 15 అంగుళాల ఎత్తే ఉంటుంది, పైగా అంత బరువు పడితే నీటికి పైన మిగిలేది జానెడు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఈ రోజుల్లో 15, 20 ఫోర్ స్ట్రోక్‌లు చాలా కంపెనీల్లో ఒకే ఇంజిన్. తోహాత్సులో రెండూ 333 సీసీ, సుజుకిలో రెండూ 327 సీసీ, యమహాలో రెండూ 362 సీసీ. కాబట్టి 15 నుంచి 20కి పోతే బరువు దాదాపు పెరగదు, ఐదు హెచ్‌పీ ఉత్తినే వచ్చినట్టు. ధరలో కొద్దిగా తేడా ఉంటుంది అంతే. అందుకే 15 కొనడానికి నాకు ఒకే ఒక్క కారణం కనబడుతుంది, ప్లేటు మీద 15 దాటకూడదని ఉంటే. 20 తోహాత్సు, సుజుకి 43, 44 కిలోల దగ్గర ఉంటాయి, యమహా 50 పైన. అదే 25కి పోయావంటే ఇంజినే మారిపోతుంది. యమహా 25 రెండు సిలిండర్లది సుమారు 57 కిలోలు, సుజుకి మూడు సిలిండర్లది 62 పైన, మెర్క్యురీ 25 అయితే 71. అంటే ఐదు హెచ్‌పీ కోసం 44 కిలోల 20తో పోలిస్తే ట్రాన్సమ్ మీద పదమూడు నుంచి ఇరవై ఏడు కిలోల దాకా అదనం. ఖాళీ పడవకి అది ఏమీ కాదు, కానీ మనం ఖాళీ పడవతో వేటకి వెళ్లం.

నీ పడవ నిండితే ఎంతవుతుందో నేనే వేసి చూశాను. పడవ 130 కిలోలు అనుకో, వేడర్లు, కోట్లతో ఇద్దరు మనుషులు 190, కుక్క 30, డికాయ్‌లు వాటి తాళ్లు, సీసపు బరువులతో కలిపి 30, తుపాకులు, తూటాలు, దాక్కోవడానికి కప్పుకునే బ్లైండ్ గుడ్డ, ఫ్లాస్కు, నీ పులిహోర డబ్బా కలిపి ఇంకో 25, మోటారు, పెట్రోలు 55. మొత్తం 460 దగ్గర, అంటే వెయ్యి పౌన్లు. పడవ నీటి మీదికి లేచి పరిగెత్తాలంటే ఒక్కో హార్స్‌పవర్‌కి నలభై యాభై పౌన్లకి మించి బరువు ఉండకూడదని ఒక మోటు లెక్క ఉంది. దాని ప్రకారం నీ 9.9 ఎప్పటికీ లేవదు, లేవలేదు కూడా, అవునా? 15 గాలి అనుకూలంగా ఉంటే కిందా మీదా పడి లేస్తుంది. 20 లేస్తుంది. 25 సుఖంగా లేస్తుంది గానీ ఆపేటప్పుడు నా కథే. నువ్వు ఒక్కడివే పెద్ద చెరువులు దాటి చాలా దూరం పోయే రకం అయితే, నీ ట్రాన్సమ్ 20 అంగుళాలది అయితే, అప్పుడు యమహా 25 గురించి మాట్లాడుకోవచ్చు. మిగతా 25లు ఈ సైజు పడవకి వద్దు. ప్లేటు మీద అంకె దాటి మాత్రం ఎవరు చెప్పినా పెట్టకు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాడు మొదట చూసేది ఆ ప్లేటునే.

20 పెట్టుకున్నా సరే, పెట్రోల్ ట్యాంకుని ముందు సీటు కిందకి పంపించెయ్, దానికి పొడుగు హోస్ అమ్ముతారు. టిల్లర్‌కి ఎక్స్‌టెన్షన్ హ్యాండిల్ కొను, ఇరవై ముప్ఫై డాలర్లు, దాంతో రెండడుగులు ముందుకి జరిగి కూర్చోవచ్చు. ఆపేటప్పుడు థ్రాటిల్‌ని టక్కున వదలొద్దు, మెల్లగా తగ్గించు, వెనక అల మనల్ని దాటిపోయాక పూర్తిగా ఆపు. ఇది అలవాటయ్యేదాకా కుక్కని ముందు కూర్చోబెట్టు, అది ఒప్పుకుంటే.

షాఫ్ట్, అంటే ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్ దాకా దిగే కాలు, దాని సంగతి. కొనేముందు టేపు పట్టుకుని ట్రాన్సమ్ పై అంచు నుంచి, మోటారు బిగించే చోటే, నిలువుగా పడవ అడుగు దాకా కొలువు. 15 దగ్గర వస్తే షార్ట్ షాఫ్ట్, 20 దగ్గర వస్తే లాంగ్ షాఫ్ట్. పాత మోటారు షాఫ్ట్ చూసి అదే తెచ్చుకోకు, నీ ముందువాడు తప్పుది పెట్టి ఉండొచ్చు. మోటారు తగిలించాక ప్రొపెల్లర్ పైన ఉండే బల్లపరుపు రెక్క పడవ అడుగుతో సమానంగా గానీ, ఒక అంగుళం లోపు కిందకి గానీ ఉండాలి. మరీ పైకి ఉంటే మలుపుల్లో గాలి పీల్చుకుని ఇంజిన్ అరుస్తుంది గానీ పడవ కదలదు. మరీ కిందకి ఉంటే లోతు లేని చోట అన్నిటికీ తగులుతుంది, నీళ్లు నీ మీదికే చిమ్ముతాయి. జాన్ బోటుకి లాంగ్ షాఫ్ట్ చౌకగా దొరికిందని కొన్నవాళ్లని ముగ్గుర్ని చూశాను, ముగ్గురూ అమ్ముకున్నారు.

ఇప్పుడు నా రెండో తప్పు, కార్బురేటర్. మూడు నాలుగు వందలు మిగులుతాయని కార్బురేటర్ ఉన్న మోటారు కొన్నాను. వేసవిలో చేపలకి వెళ్లేవాళ్లకి అది బంగారమే. మనం వెళ్లేది తెల్లవారుజామున నాలుగున్నరకి, నవంబరులో, సున్నాకి కింద ఐదారు డిగ్రీల్లో. చోక్ లాగు, తాడు లాగు, మళ్లీ చోక్ సగం నొక్కు, మళ్లీ లాగు, ఈలోపు లోపల రెండు కోట్ల కింద చెమటలు, తర్వాత ఆ చెమట చల్లబడి వణుకు. పైగా ఇక్కడ మామూలు పంపులో దొరికే పెట్రోల్లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీల్చుకుంటుంది, రెండు నెలలు కదలకుండా ఉంటే కార్బురేటర్ సన్నని రంధ్రాల్లో జిగురులా పేరుకుంటుంది. ఇంజెక్షన్ మోటార్లకి ఈ బాధ చాలా తక్కువ, రెండో లాగుకి అందుకుంటాయి. సుజుకి, తోహాత్సు 20లలో బ్యాటరీ లేకుండానే ఇంజెక్షన్ పనిచేస్తుంది, తాడు లాగితే పుట్టే కరెంటే చాలు. అయినా సరే పెట్రోల్ మంచిది పొయ్యి. మిన్నెసోటాలో చాలా బంకుల్లో 91 ఆక్టేన్ నాన్ ఆక్సిజనేటెడ్ అని విడిగా పంపు ఉంటుంది, ఇథనాల్ కలపనిది, పడవలకి, చిన్న ఇంజిన్లకి, పాత కార్లకి అని బోర్డు కూడా ఉంటుంది. గ్యాలన్‌కి ఎక్కువే, కానీ సీజన్ మొత్తానికి నువ్వు కాల్చేది ఎంతని? మధ్యలో నీళ్లు వేరు చేసే పది మైక్రాన్ల ఫిల్టరు ఒకటి బిగించు.

ఎలక్ట్రిక్ స్టార్ట్ కావాలా అంటే, నాకు వద్దు. దానికోసం కొన్ని కిలోలు, దాని బ్యాటరీ ఇంకో పదిహేను ఇరవై కిలోలు, మళ్లీ అదంతా వెనకే. నీకు భుజం నొప్పి ఉంటే, లేదా నీతో వచ్చే మనిషి పెద్దాయన అయితే తీసుకో, అందులో నామోషీ ఏం లేదు. పవర్ టిల్ట్ అయితే దండగ. 44 కిలోల మోటారుని చేత్తో ఎత్తలేని రోజు వచ్చిందంటే నేను వేటే మానేస్తాను.

టూ స్ట్రోక్ పాతది వెతుక్కోమని ఎవరో ఒకరు కచ్చితంగా చెప్తారు. వాళ్లు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు, ఒక మంచి 25 టూ స్ట్రోక్ ఇప్పటి 20 ఫోర్ స్ట్రోక్ కంటే మరీ బరువేం ఉండదు. కానీ కాలుష్యం నిబంధనల వల్ల అవి ఇక్కడ కొత్తవి రావు, 1909లో మిల్వాకీలో మొదలైన ఎవిన్‌రూడ్ కూడా 2020లో మోటార్లు చేయడం ఆపేసింది. పాతది కొంటే కంప్రెషన్ గేజ్ పట్టుకెళ్లి సిలిండర్ల మధ్య పది శాతం కంటే తేడా లేదని చూసుకుని కొను. మెకానిక్ పని చేతనైనవాడివైతే సరే, నువ్వు సాఫ్ట్‌వేర్ మనిషివని రాశావు కాబట్టి వద్దనే చెప్తున్నాను.

నువ్వు చివర్లో మడ్ మోటారు అని కూడా ఒక మాట వేశావు. ఇది నువ్వు ఎక్కడ వేటాడతావన్నదాన్ని బట్టి ఉంటుంది. వైల్డ్ రైస్ పెరిగే చెరువుల్లో, మోకాలి లోతు బురదలో, తుంగల మధ్యలో మామూలు ప్రొపెల్లర్‌కి రెండు నిమిషాలకోసారి జడలా నాచు చుట్టుకుంటుంది. మోటారు పైకెత్తు, కత్తితో కొయ్యి, మళ్లీ దించు. నీ వేటంతా అలాంటి చోటే అయితే గాలితో చల్లబడే మడ్ మోటారే దిక్కు, అది బురదలో కూడా నడుస్తుంది. కానీ దాని చప్పుడు ఊరంతా వినిపిస్తుంది, చాలావాటికి రివర్స్ ఉండదు, తెరిచిన నీళ్లలో అదే హార్స్‌పవర్ ఉన్న మామూలు మోటారు ముందు నత్తే. సగం సగం అయితే మామూలు మోటారే తీసుకుని, లోతు లేని చోట నడపడానికి మోటారుని కాస్త వాల్చి నిలిపే లివర్ ఉన్న మోడల్ చూసుకుని, చివరి వంద గజాలు గెడ కర్రతో తోసుకుపో. నేను అదే చేస్తాను. ప్రొపెల్లర్ బదులు నీటిని వెనక్కి చిమ్మి నడిచే జెట్ మోటారు రాళ్ల నదులకి, నాచు చెరువులకి కాదు, పైగా బలంలో దాదాపు మూడో వంతు పోతుంది.

ప్రొపెల్లర్ గురించి ఎవరూ చెప్పరు గానీ డబ్బుకి తగిన ఫలితం ఇచ్చేది ఇదే. కొత్త మోటారుతో వచ్చేది సగటు పడవని ఊహించుకుని ఇచ్చిన ప్రొపెల్లర్. చౌక టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ఒకటి కొని స్పార్క్ ప్లగ్ తీగకి చుట్టు. పడవ నిండా వేట సామాను వేసుకుని, కుక్కతో సహా, పూర్తి థ్రాటిల్‌లో ఎన్ని ఆర్‌పీఎం వస్తున్నాయో చూడు. ఓనర్స్ మాన్యువల్‌లో పూర్తి థ్రాటిల్‌కి ఇంత నుంచి ఇంత అని ఒక హద్దు ఇస్తాడు, అందులో పైసగంలో ఉండాలి. తక్కువ వస్తే పిచ్, అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టుకి ముందుకి పోయే దూరం, ఒక అంగుళం తగ్గించు, 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, బరువుతో లేవడం వెంటనే తేలికవుతుంది. పై వేగం రెండు మైళ్లు తగ్గితే తగ్గనీ, బాతులు మనకోసం ఏమీ ఆగవు. పాత ప్రొపెల్లర్‌ని పారెయ్యకు, దాన్నీ, ప్రొపెల్లర్ ఊడకుండా ఆపే కాటర్ పిన్నునీ, ఒక పానానీ సంచిలో వేసి పడవలోనే ఉంచు. చీకట్లో దుంగకి తగిలినప్పుడు గుర్తుకొస్తాను.

చలి జాగ్రత్తలు. వేట అయ్యాక పడవ ట్రైలర్ ఎక్కించాక మోటారుని పూర్తిగా కిందకి దించి నిలువుగా రెండు నిమిషాలు ఉంచు, లోపలి నీళ్లు కారిపోతాయి. వాల్చి ఉంచేసి ఇంటికెళ్తే రాత్రికి ఆ నీళ్లు గడ్డకడతాయి, మర్నాడు తాడు లాగగానే నీళ్ల పంపు లోపలి రబ్బరు రెక్కలు తెగుతాయి, ఇంజిన్ వేడెక్కిపోతుంది. స్టార్ట్ చేశాక పక్కనుంచి సన్నని ధార పడుతోందా లేదా రోజూ చూడాలి. కింది గేర్ నూనె సీజన్ ముందొకసారి, తర్వాతొకసారి మార్చు. తీసిన నూనె పాలలా ఉంటే సీలు పోయి నీళ్లు చేరినట్టు, దాన్ని అలాగే చలికాలం వదిలేస్తే గడ్డకట్టి గేర్ డబ్బా పగులుతుంది. ఇంకోటి, ఫోర్ స్ట్రోక్‌ని చలిలో గంటల తరబడి మెల్లగానే నడిపితే కాలని పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది, డిప్‌స్టిక్ మీద నూనె పెరిగినట్టు కనబడుతుంది, వాసన చూస్తే తెలిసిపోతుంది. అప్పుడప్పుడూ పదిహేను నిమిషాలు గట్టిగా నడుపు. మొదటి ఇరవై గంటలకి చేసే సర్వీస్ మాత్రం బద్ధకించకు.

ఏ కంపెనీ అన్నదానికి ఇంత వెనక జవాబిస్తున్నానంటే నిజంగానే తేడా తక్కువ కాబట్టి. యమహా, సుజుకి, తోహాత్సు, మెర్క్యురీ, ఈ సైజులో ఏదీ చెడ్డది కాదు. మెర్క్యురీ చిన్న మోటార్లు తోహాత్సుతో కలిసి జపాన్‌లో తయారైనవే, స్టిక్కర్ కోసం కొట్టుకోవద్దు. ధర మూడున్నర వేల నుంచి నాలుగున్నర వేల మధ్య ఆడుతుంది, ప్రొపెల్లర్, ఫిల్టర్, హ్యాండిల్ కోసం ఒక మూడు వందలు పక్కన పెట్టుకో. నా మూడో మోటారు ఆన్‌లైన్‌లో రెండు వందలు తక్కువకి తెప్పించాను. వారంటీ పని కోసం దగ్గర్లో ఉన్న షాపుకి తీసుకెళ్తే, మా దగ్గర కొన్నవాళ్లవి ముందు చేసి తర్వాత చూస్తాం అన్నారు, అక్టోబరులో. ఆ తర్వాత అంటే ఎప్పుడో నీకు చెప్పక్కర్లేదు, ఆ సీజన్ అంతా మిత్రుల పడవల్లో ముందు సీటు మీద కూర్చున్నాను. కాబట్టి నీ చుట్టుపక్కల రెండు షాపులకి ఫోన్ చేసి ఒకటే అడుగు, నవంబరు మొదటివారంలో మోటారు పాడైతే ఎన్ని రోజుల్లో ఇస్తారు అని. ఎవరు తడుముకోకుండా చెప్తే వాళ్ల దగ్గరున్న కంపెనీ నీ కంపెనీ.

చట్టం సంగతి క్లుప్తంగా. ఇంత చిన్న పడవలకి కూడా 2021 ఏప్రిల్ 1 నుంచి కిల్ స్విచ్ తాడు (ఊడితే మోటారు ఆగిపోయేది) నడిపే మనిషికి తగిలించి ఉండాలని ఫెడరల్ నిబంధన ఉంది. నిబంధన లేకపోయినా తగిలించుకో. టిల్లర్ మోటారు మనిషిని విసిరేసి గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. మోటారు ఆగి, పడవ కదలడం కూడా ఆగేదాకా తుపాకీ పేల్చకూడదు. కొన్ని వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాల్లో అసలు మోటారే పనికిరాదు. ఉత్తరాన బౌండరీ వాటర్స్ అనే రక్షిత అడవి చెరువుల ప్రాంతంలో మోటారు ఒప్పుకునే చెరువులు కొన్నే, వాటిలో కొన్నిటికి 25, కొన్నిటికి 10 హెచ్‌పీ హద్దు. నువ్వు ఆ వైపు కూడా వెళ్లే ఆలోచన ఉంటే ముందే చెప్పు, అప్పుడు పాత 9.9ని బాగు చేయించి ఉంచుకోవడమే నయం కావచ్చు.

లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకుని కూర్చోకు, ఒంటి మీద వేసుకో. వేడర్ల మీదికి సరిపోయే సైజు తీసుకో.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, రేపు వెలుతురులో ట్రాన్సమ్ ఎత్తు కొలిచి రాయి, ప్లేటు మీద మనుషులు, మోటారు, సామాను కలిపి మొత్తం ఎన్ని పౌన్లు ఇచ్చాడో కూడా రాయి, నేను పైన వేసిన బరువులు దానిలో పడతాయో లేదో చూద్దాం. నీ మిత్రుడి బరువు నిజంది రాయమను, కుక్కది కూడా. అవి వచ్చాక ఏ పిచ్ ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టాలో చెప్తాను.